రికార్డులో మూడు నిమిషాలు, స్టేజి మీద ఇరవై మూడు: జామ్ బ్యాండ్ల గురించి అపోహలు - వాస్తవాలు

గ్రేట్‌ఫుల్ డెడ్ 1968లో 'డార్క్ స్టార్' అనే సింగిల్ విడుదల చేసింది. నిడివి మూడు నిమిషాలు కూడా లేదు. మరుసటి ఏడాది వచ్చిన 'లైవ్/డెడ్' డబుల్ ఆల్బమ్‌లో అదే పాట ఇరవై మూడు నిమిషాలు సాగి ఎల్పీ రికార్డులో ఒక వైపంతా తనే ఆక్రమించింది. సింగిల్‌ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఇరవై మూడు నిమిషాల దాన్ని ఇప్పటికీ వింటున్నారు. జామ్ బ్యాండ్ల మాట ఎక్కడ వచ్చినా ఈ ఉదాహరణ ముందు వస్తుంది, దాని వెనకే తీర్పు కూడా వచ్చేస్తుంది: "వీళ్లని స్టూడియో ఆల్బమ్‌లో వినకూడదు, లైవ్‌లోనే వినాలి."

నేను సౌండ్ ఇంజనీర్‌ని. హైదరాబాద్‌లో మామూలు రోజుల్లో స్టూడియోలో మిక్సింగ్ చేస్తాను, వారాంతాల్లో బ్యాండ్లకి లైవ్ సౌండ్ చూస్తాను. అంటే ఈ గొడవలో రెండు వైపులా నాకు జీతం ముడుతుంది. ఆ తీర్పులో కొంత నిజముంది. కానీ దానికి చెప్పే కారణాలు చాలావరకు తప్పు. "ఫీల్", "మ్యాజిక్", "ఆత్మ" అని జనం అనేవాటిలో సగానికి సగం మైకు ఎక్కడ పెట్టారు, ఎవరికి ఎవరు వినిపిస్తున్నారు, తర్వాత టేపుని ఎవరు కోశారు అన్న దగ్గర తేలిపోతాయి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. పాటని గమ్యంగా కాకుండా బయల్దేరే చోటుగా పెట్టుకుని, స్టేజి మీద అప్పటికప్పుడు కల్పించుకుంటూ వాయించే బ్యాండ్లని జామ్ బ్యాండ్లు అంటారు. వీటికి మూలపురుషులు గ్రేట్‌ఫుల్ డెడ్. 1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మొదలై, అప్పటికి 'వార్‌లాక్స్' అన్న పేరుతో, పక్కనే మెన్లో పార్క్‌లో ఒక పిజ్జా కొట్లో మొదటిసారి వాయించారు. అవును, ఇప్పుడు మనవాళ్లు అద్దెలు చూసి గుండె పట్టుకునే ఆ ఏరియానే. దక్షిణాది నుంచి ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్, 1983లో వర్మాంట్ యూనివర్సిటీ దగ్గర పుట్టిన ఫిష్, ఈ దారిలో మిగతా పెద్ద పేర్లు.

అపోహ: జామ్ బ్యాండ్ స్టూడియో ఆల్బమ్‌లు దండగ

ఈ మాట అనేవాళ్లు 'అమెరికన్ బ్యూటీ' వినలేదని నాకు వెంటనే తెలిసిపోతుంది.

డెడ్ వాళ్ల మొదటి ఆల్బమ్ 1967లో వచ్చింది. లాస్ ఏంజెలిస్‌లో కొద్ది రోజుల్లో ముగించేశారు. వింటే పాటలు పరుగు పందెంలో ఉన్నట్టుంటాయి. అది బాగా రాలేదంటే నేనూ ఒప్పుకుంటాను. ఆ తర్వాత 1969లో 'ఆక్సోమోక్సోవా'. దీన్ని ముందు 8 ట్రాకుల యంత్రం మీద, అంటే ఎనిమిది శబ్దాల్ని విడివిడిగా పట్టే దాని మీద, రికార్డు చేశారు. పని మధ్యలో 16 ట్రాకుల యంత్రం వచ్చేసరికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఖర్చు సుమారు 1,80,000 డాలర్లు అయిందంటారు, అప్పట్లో అది తలతిరిగే మొత్తం. వార్నర్ బ్రదర్స్ కంపెనీకి బాకీ పడ్డారు. ట్రాకులు ఎక్కువ దొరికాయి కదా అని ప్రతి ఖాళీనీ నింపేశారు. నాలుగేళ్లుగా చూస్తున్న జబ్బే ఇది, ఇప్పటి కుర్రాళ్లు కంప్యూటర్‌లో వంద ట్రాకులు తెరిచి అదే పని చేస్తారు. రెండేళ్లకి గిటారిస్టు జెర్రీ గార్సియా, బాస్ వాయించే ఫిల్ లెష్ కూర్చుని ఆ ఆల్బమ్‌ని మళ్లీ మిక్స్ చేసి చాలా సామాను తీసేశారు.

1970లో అదే మనుషులు ఒక్క ఏడాదిలో రెండు ఆల్బమ్‌లు ఇచ్చారు: జూన్‌లో 'వర్కింగ్‌మన్స్ డెడ్', నవంబర్‌లో 'అమెరికన్ బ్యూటీ'. వీటిలో జామ్ అన్నది దాదాపు లేదు. పాటలు చిన్నవి, గిటార్లు ఎక్కువగా అకూస్టిక్, ముగ్గురు కలిసి పాడే హార్మొనీలు. రాబర్ట్ హంటర్ రాసిన మాటలు ఒక్కటీ పోకుండా వినిపిస్తాయి. స్టేజి మీద చేసేది స్టూడియోలో చెయ్యలేకపోయారని అనుకోవడం ఇక్కడ తలకిందులవుతుంది. స్టూడియోలో చేసింది స్టేజి మీద వాళ్లకి కష్టమైంది.

ఎందుకో చెప్తాను. ముగ్గురు కలిసి మూడు వేర్వేరు స్వరాల్లో పాడాలంటే ఒకరి గొంతు ఒకరికి స్పష్టంగా వినపడాలి. స్టూడియోలో అది చాలా తేలిక, ఒకే మైకు చుట్టూ నిలబడినా చాలు. స్టేజి మీద వెనకాల ఇద్దరు డ్రమ్మర్లు, పక్కన బాస్, రెండు ఎలక్ట్రిక్ గిటార్లు మోగుతుంటే మన గొంతే మనకి వినపడదు. వినపడకపోతే గట్టిగా పాడతాం, గట్టిగా పాడితే శ్రుతి పైకి జారుతుంది. డెడ్ లైవ్ టేపుల్లో హార్మొనీలు కీచుగా ఉంటాయని వెక్కిరించేవాళ్లకి ఇదే జవాబు. 'అమెరికన్ బ్యూటీ'లోని 'రిపిల్' లాంటి పాట తర్వాతి ఏళ్లలో స్టేజి మీద చాలా అరుదుగా వచ్చింది. ఆ పాటకి ఆల్బమ్‌లోదే అసలు రూపం, డేవిడ్ గ్రిస్‌మన్ మాండొలిన్‌తో సహా.

కాబట్టి నిజం ఇది: స్టూడియోలో లైవ్‌ని నకలు చెయ్యబోయినప్పుడల్లా దెబ్బతిన్నారు. స్టూడియోని స్టూడియోలా వాడినప్పుడు నిలబడ్డారు.

అపోహ: లైవ్ ఆల్బమ్ అంటే ఆ రాత్రి ఏది జరిగిందో అది

కాదు. దాదాపు ఎప్పుడూ కాదు.

1972 ఏప్రిల్, మే నెలల్లో డెడ్ ఐరోపాలో 22 కచేరీలు చేశారు. అదే ఏడాది చివర్లో మూడు ఎల్పీల 'యూరప్ 72' వచ్చింది. లైవ్ ఆల్బమ్‌లలో మొదటి వరసలో పెట్టదగ్గది. అందులో వినిపించే గాత్రం చాలావరకు ఇంటికొచ్చాక స్టూడియోలో మళ్లీ పాడింది. అంతకు ముందు ఏడాది వచ్చిన లైవ్ డబుల్ ఆల్బమ్‌లో కొన్ని పాటల మీద వినిపించే ఆర్గన్ కూడా తర్వాత మెర్ల్ సాండర్స్ స్టూడియోలో వాయించిందే. ఆ రాత్రి ఆయన ఆ స్టేజి మీద లేడు. ఆ పని చేసినందుకు నేను వాళ్లని తప్పుపట్టను. మిక్సింగ్ కుర్చీలో కూర్చున్నవాడికి అది ఎందుకు చెయ్యాల్సి వస్తుందో తెలుసు.

ఇంకా గమ్మత్తయింది 1968 నాటి 'ఆంథమ్ ఆఫ్ ద సన్'. స్టూడియోలో తీసిన ముక్కలు, వేర్వేరు ఊళ్ల కచేరీల టేపులు, అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి అతికించారు. ఒకే పాటలో ఒక హాలు నుంచి ఇంకో హాలుకి చెప్పకుండా వెళ్లిపోతాం. నిర్మాత డేవ్ హాసింగర్ మధ్యలోనే దండం పెట్టి వెళ్లిపోయాడు. ఇది స్టూడియో ఆల్బమా, లైవ్ ఆల్బమా? రెండు పెట్టెల్లో ఏ పెట్టెలోనూ పట్టదు. నా దృష్టిలో వాళ్ల తెలివైన రికార్డుల్లో ఇదొకటి.

గాత్రం మార్చడం వినడానికి చిన్న పనిలా ఉంటుంది. స్టేజి మీద పాడే మైకులో గొంతు ఒక్కటే పడదు. ఆ మైకు వెనక రెండు మూడు మీటర్ల దూరంలో డ్రమ్ సెట్ ఉంటుంది, దాని సింబల్ (కంచు పళ్లెం) చప్పుడంతా ఆ మైకులోకి వస్తుంది. మేం దీన్ని బ్లీడ్ అంటాం. మిక్సింగ్‌లో గాయకుడి గొంతు కాస్త పెంచితే సింబల్ కూడా పెరుగుతుంది. ఇప్పుడు ఆ గొంతు ట్రాకు తీసేసి స్టూడియోలో పాడింది పెట్టారనుకోండి, గొంతుతో పాటు డ్రమ్స్‌లో ఉన్న ఆ గాలి, ఆ దూరం కూడా మాయమవుతుంది. హాలు ఒక్కసారిగా చిన్నదైపోతుంది. చెవి దాన్ని పట్టేస్తుంది, కారణం మాత్రం చెప్పలేదు. "ఏదో తేడాగా ఉంది" అంటారు జనం. మంచి ఇంజనీర్ ఆ గాలిని మళ్లీ తయారు చేసి కలపాలి.

ఆల్మన్ బ్రదర్స్ 1971 మార్చిలో న్యూయార్క్‌లో వాయించగా టామ్ డౌడ్ నిర్మించిన 'ఎట్ ఫిల్మోర్ ఈస్ట్' కూడా ఒకటి కంటే ఎక్కువ రాత్రుల నుంచి ఏరి కూర్చిందే. మొదటి ఆల్బమ్‌లో ఐదు నిమిషాలున్న 'విప్పింగ్ పోస్ట్' ఇందులో ఇరవై రెండు నిమిషాలు దాటుతుంది. ఏరడం కూడా సంగీత నిర్ణయమే. ఏ రాత్రి పాట పెట్టాలి, చప్పట్లు ఎంతసేపు ఉంచాలి, ఎల్పీ ఒక వైపు ఎక్కడ ఆగాలి, ఇవన్నీ ఎవరో కూర్చుని తేల్చినవే.

అపోహ: సౌండ్‌బోర్డ్ టేపే అసలు సరుకు, ప్రేక్షకుల్లోంచి తీసింది చెత్త

దీని మీద నాకు చెప్పాల్సింది ఎక్కువే ఉంది, ఎందుకంటే నేను నెలకోసారైనా ఎవరికో ఒకరికి ఇది వివరించాల్సి వస్తుంది.

మిక్సర్ నుంచి నేరుగా వైరు పెట్టి తీసిన రికార్డింగ్‌ని సౌండ్‌బోర్డ్ అంటారు. శుభ్రంగా ఉంటుంది, పక్కవాడి కబుర్లు ఉండవు. అందుకని అదే నిజమైన మిక్స్ అనుకుంటారు. కానీ లైవ్‌లో నేను మిక్స్ చేసేది హాల్లో వినేవాళ్ల కోసం. స్టేజి మీదినుంచి నేరుగా వచ్చే చప్పుడుకి తక్కువైనది మాత్రమే స్పీకర్లలో కలుపుతాను.

గచ్చిబౌలి వైపు ఒక చిన్న క్లబ్బులో జరిగింది చెప్తాను. నూట యాభై మంది పడితే ఎక్కువ. గిటారిస్టు తన ఆంప్లిఫయర్‌ని మోకాలెత్తు కుర్చీ మీద పెట్టి జనం వైపు తిప్పాడు. ఆ ఒక్క పెట్టెతోనే హాలు నిండిపోయింది. డ్రమ్స్‌కి మైకు అవసరమే లేదు, కిక్ డ్రమ్ ఒక్కటి కాస్త కలిపాను. గాత్రం, కీబోర్డు, బాస్ మాత్రం స్పీకర్ల మీదే ఆధారం. మిక్సర్ మీద గిటార్ శబ్దం పెంచే మీట, ఫేడర్, దాదాపు కిందే ఉంది. హాల్లో అందరికీ సమానంగా వినపడింది, షో బాగా పోయింది. మర్నాడు బోర్డు రికార్డింగ్ పంపించాను. గంటలో గిటారిస్టు ఫోన్. "అన్నా, నా గిటార్ ఏదన్నా? నేను పక్కింట్లో వాయించినట్టుంది." ఆ టేపులో గొంతు ముందుకొచ్చి మీద పడుతుంది, కీబోర్డు స్పష్టం, గిటార్ ఎక్కడో గోడ అవతల. ఆ రాత్రి ఆ హాల్లో ఎవరూ వినని మిక్స్ అది.

డెడ్ టేపుల్లో కూడా, ముఖ్యంగా చిన్న హాళ్లలోవి, ఇదే లక్షణం కనిపిస్తుంది. దానికి భిన్నంగా బెట్టీ కాంటర్-జాక్సన్ తీసిన టేపులు ఎందుకు అంత పేరు తెచ్చుకున్నాయంటే, ఆమె హాలు స్పీకర్లకి వెళ్లే మిక్స్‌తో సరిపెట్టుకోలేదు. రికార్డింగ్ కోసమే విడిగా మిక్స్ చేసేది. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్ కచేరీని రికార్డు చేసింది ఆమే. అభిమానులు దశాబ్దాల పాటు చేతులు మార్చుకుంటూ విన్న ఆ రికార్డింగ్‌ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. అధికారికంగా ఆల్బమ్‌గా విడుదలైంది మాత్రం 2017లో.

ఇక జనంలోంచి తీసిన టేపు. హాలు ప్రతిధ్వని, జనం కేకలు, బాస్ కాస్త బురదగా, ఇవన్నీ ఉంటాయి. కానీ అందులో స్టేజి, స్పీకర్లు, గది, మూడూ కలిసిన అసలు సమతూకం ఉంటుంది. గిటార్ ఎంత పెద్దగా వినపడిందో అంత పెద్దగానే ఉంటుంది. అందుకే రెండింటినీ కలిపి మ్యాట్రిక్స్ అని చేస్తారు. కలిపేటప్పుడు ఒక చిక్కుంది. ధ్వని సెకనుకి 340 మీటర్ల చిల్లర వేగంతో వెళ్తుంది. స్టేజికి 30 మీటర్ల దూరంలో మైకు పెడితే, బోర్డు వైరులో వచ్చిన శబ్దం కంటే అది సెకనులో పదకొండో వంతు ఆలస్యంగా అందుతుంది. సరిచెయ్యకుండా కలిపితే ప్రతి డ్రమ్ దెబ్బా రెండుసార్లు పడుతుంది. బోర్డు ట్రాకుని వెనక్కి జరిపి, స్నేర్ డ్రమ్ దెబ్బ మీద రెండు తరంగాలూ ఒకచోట కూర్చోబెట్టాలి. పాత క్యాసెట్ అయితే ఇంకా తలనొప్పి, ఆ టేపు వేగం పాట మొత్తం ఒకేలా ఉండదు. ఒకచోట కుదిరింది పది నిమిషాల తర్వాత తప్పుతుంది. మళ్లీ సర్దాలి. దీనికి తోడు 90 నిమిషాల క్యాసెట్ ఒక వైపు 45 నిమిషాలే కాబట్టి, జామ్ మంచి ఊపులో ఉన్నప్పుడు టేపు తిప్పుకోవడానికి ఒక కోత తప్పదు.

అపోహ: జామ్ అంటే చేతికొచ్చినట్టు వాయించడం

మన సంగీతం తెలిసినవాళ్లకి ఇది ఎక్కువ వివరించక్కర్లేదు. కచేరీలో విద్వాంసుడు చేసే మనోధర్మం వెనక ఎన్నేళ్ల సాధకం ఉంటుందో, దానికి ఎన్ని కట్టుబాట్లు ఉంటాయో మనకి తెలుసు. ఇక్కడా అంతే.

'డార్క్ స్టార్'నే తీసుకోండి. పాటకి ఒక పల్లవి లాంటి గిటార్ పలుకు ఉంది, రెండు చరణాలున్నాయి, వాటి మధ్య ఖాళీ మైదానం. ఆ మైదానానికీ గట్లున్నాయి. స్వరస్థానాలు ప్రధానంగా మిక్సోలిడియన్ మోడ్‌వి, అంటే మన హరికాంభోజి మేళం స్వరాలు. గమకాలు, రాగలక్షణం వెతక్కండి, అవి ఉండవు. స్వరస్థానాలు మాత్రం అవే. ఎవరో ఒకరు ఆ పలుకు ఎత్తుకోగానే మిగతావాళ్లు గుర్తుపట్టి వెనక్కి వస్తారు.

వీళ్లలో డ్రమ్మర్ మికీ హార్ట్‌కి మన దేశంతో నేరుగా సంబంధం ఉంది. 1960ల చివర్లో తబలా విద్వాంసుడు అల్లారఖా దగ్గర లయ లెక్కలు నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో బ్యాండు 'ద ఎలెవెన్' అని పదకొండు మాత్రల లెక్క మీద ఒక పాట కట్టింది. దాన్ని తాగిన మత్తులో అలా వచ్చేసిన సంగీతం అనుకునేవాళ్లు ఒకసారి చేతి మీద తాళం వేస్తూ వినండి. తర్వాత హార్ట్, అల్లారఖా కొడుకు జాకిర్ హుస్సేన్‌తో ఏళ్ల తరబడి పనిచేశాడు. 1991లో వాళ్లు కలిసి చేసిన 'ప్లానెట్ డ్రమ్' ఆల్బమ్‌లో మన ఘటం విక్కు వినాయక్‌రామ్ కూడా ఉన్నారు. వరల్డ్ మ్యూజిక్ విభాగంలో ఇచ్చిన మొదటి గ్రామీ దానికే వచ్చింది.

ఫిష్ వాళ్లు జామ్‌కి రిహార్సల్ చేసేవాళ్లు. నవ్వకండి. ఒకడు ఒక చిన్న స్వర సమూహం మొదలుపెడతాడు, మిగతా ముగ్గురూ దానికి తమది కలుపుతారు. అందరిదీ కుదిరిందని తనకి వినిపించగానే ప్రతివాడూ "హే" అనాలి. నలుగురూ ఒకేసారి "హే" అంటే అందరూ వింటున్నట్టు. ఒకడు ముందు, ఒకడు వెనక అన్నాడంటే ఎవడో తన వాయిద్యంలో మునిగిపోయాడన్నమాట. నేను పనిచేసే కుర్ర బ్యాండ్లకి ఇది చెప్పి చేయిస్తుంటాను. మొదటిసారి చేసినప్పుడు చాలామందికి తాము పక్కవాణ్ణి వినడం లేదన్న సంగతే కొత్తగా తెలుస్తుంది.

అపోహ: ఎంత పొడుగైతే అంత గొప్ప

'ప్లేయింగ్ ఇన్ ద బ్యాండ్' 1972లో స్టూడియోలో ఎనిమిది నిమిషాల లోపు. 1974 మేలో సియాటెల్‌లో నలభై ఆరు నిమిషాలు. అందులో గొప్ప ఘట్టాలున్నాయి, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుండే ఘట్టాలూ ఉన్నాయి. గడియారం చూసి మార్కులు వెయ్యడం మానేద్దాం.

అపోహ: స్టూడియోలో సౌండు శుభ్రం, స్టేజి మీద గోల

మామూలు బ్యాండ్ల విషయంలో ఇది చాలావరకు నిజం. డెడ్ మాత్రం దీని మీద యుద్ధమే చేశారు. 1974 మార్చి 23న శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన కౌ ప్యాలెస్‌లో 'వాల్ ఆఫ్ సౌండ్' అనే వ్యవస్థని జనం ముందు పెట్టారు. ఔస్లీ స్టాన్లీ, అందరూ 'బేర్' అనేవాళ్లు, దీని వెనకున్న ముఖ్యమైన బుర్ర. దాదాపు 600 స్పీకర్లు, మొత్తం బరువు 75 టన్నుల దాకా.

బరువు కంటే నాకు ఆసక్తి కలిగించేది దాని ఆలోచన. మామూలుగా స్పీకర్లు స్టేజి ముందు రెండు పక్కలా ఉంటాయి, వాయించేవాళ్లు తమని తాము వినడానికి విడిగా మానిటర్లు అనే స్పీకర్లు పెడతాం. వీళ్లు స్పీకర్ల గోడంతా తమ వెనకాలే నిలబెట్టారు. జనం వినేదే వాయించేవాళ్లూ వింటారు. పైగా ఒక్కో వాయిద్యానికి ఒక్కో స్పీకర్ల వరస. గిటార్ ఒక చోట, పియానో ఒక చోట. ఫిల్ లెష్ బాస్‌లో ఒక్కో తీగ శబ్దాన్ని ఒక్కో స్పీకర్ల బారుకి పంపించే ఏర్పాటు కూడా ఉండేది. ఒకే స్పీకర్‌లో అన్నీ కలిపి కుక్కితే ఒకదాన్నొకటి పాడు చేస్తాయి. విడగొడితే ఆ మురికి ఉండదు.

కానీ మైకు వెనక స్పీకర్ ఉంటే ఏమవుతుంది? పెళ్లిళ్లలో మైకు కూత పెట్టడం చూసే ఉంటారు. దానికి వీళ్లు వేసిన ఎత్తు: ఒక్కో గాయకుడికి రెండు మైకులు, ఒకదాని మీద ఒకటి, ఒకదాని సంకేతం తిరగేసి రెండోదానికి కలపడం. వెనక గోడ నుంచి వచ్చే శబ్దం రెండు మైకుల్లోనూ సమానంగా పడి రద్దయిపోతుంది. గాయకుడు పెదవులు ఆనించినట్టు పై మైకులో మాత్రమే పాడతాడు కాబట్టి ఆ గొంతు మిగులుతుంది. భలే ఉంది కదా? దానికి కట్టిన ధర కూడా టేపుల్లో వినిపిస్తుంది: గొంతులు పలచగా, కండ లేకుండా ఉంటాయి. తల కాస్త పక్కకి తిప్పితే గొంతు కూడా రద్దయిపోతుంది. 1974 గాత్రం పేలవంగా ఉందని ఆ ఏడాది వాళ్ల పాటనే తిట్టేవాళ్లున్నారు. తిట్టాల్సింది మైకుల్ని.

అదే టేపుల్లో బాస్, పియానో వినండి. అప్పటి ఏ స్టూడియో రికార్డుకీ తీసిపోవు. ఖర్చు, మోత భరించలేక ఆ అక్టోబర్‌తోనే ఆ గోడని పక్కన పెట్టేశారు.

అపోహ: సరైన ప్రొడ్యూసర్ పడితే స్టేజి మీది ఊపు స్టూడియోకి వచ్చేస్తుంది

1977 నాటి 'టెరపిన్ స్టేషన్'కి కీత్ ఓల్సన్ నిర్మాత. ఫ్లీట్‌వుడ్ మాక్ అనే బ్యాండుతో హిట్ ఇచ్చి వచ్చినవాడు. బ్యాండుని గట్టిగా కూర్చోబెట్టి, ఒకే చోట కలిసి దెబ్బ పడేదాకా వాళ్లచేత వాయింపించాడు. ఆ తర్వాత టేపులు పట్టుకుని లండన్ వెళ్లి వయొలిన్లు, బృందగానం చేర్పించాడు. తను వాయించిన భాగం మీద తీగల వాయిద్యాలు వచ్చి కూర్చోవడం మికీ హార్ట్‌కి మంట పుట్టించింది. ఆల్బమ్‌లో ఆ టైటిల్ పాట సినిమా పతాక సన్నివేశంలా ఉంటుంది, స్టేజి మీద అదే పాట నాలుగైదు వాయిద్యాలతో దానికంటే పెద్దదిగా వినిపిస్తుంది.

అయితే ఇక్కడ అభిమానులు మరిచిపోయేది ఒకటుంది. ఆ 1977 వసంతకాలపు కచేరీలనే, కార్నెల్‌తో సహా, చాలామంది వాళ్ల అత్యంత పటిష్ఠమైన కాలంగా చెప్పుకుంటారు. స్టూడియోలో ఓల్సన్ పెట్టిన తోముడుకి దానిలో వాటా లేదనగలమా? నాకైతే ఉందనే అనిపిస్తుంది. స్టూడియోలో వాయిద్యకారుడు తన తప్పులు తను వింటాడు. స్టేజి మీద వినడు, ముందుకెళ్లిపోతాడు.

ఊపుని నిజంగా పట్టుకున్నది 1987 నాటి 'ఇన్ ద డార్క్'. ఈసారి వాళ్లు స్టూడియోకే వెళ్లలేదు. శాన్ రఫేల్‌లోని మారిన్ వెటరన్స్ ఆడిటోరియంలో, ఖాళీ కుర్చీల ముందు, స్టేజి మీద మామూలు కచేరీలాగే సామాను పేర్చుకుని ప్రాథమిక ట్రాకులు వాయించేశారు. మెరుగులు తర్వాత. స్టూడియోలో ఒక్కొక్కర్ని ఒక్కో గాజుగదిలో పెట్టి హెడ్‌ఫోన్లు తగిలిస్తే బ్లీడ్ ఉండదు, ఎవరి తప్పు వాళ్లది విడిగా సరిచెయ్యొచ్చు. కానీ కల్పించుకుంటూ వాయించేవాళ్లు ఒకరి మొహం ఒకరు, ఒకరి భుజం కదలిక ఒకరు చూసుకుంటూ వాయిస్తారు. ఆ చూపు తెగితే జామ్ తెగుతుంది. ఒకే చోట కూర్చోబెడితే బ్లీడ్ భరించాలి, తప్పు పడితే అందరూ మళ్లీ వాయించాలి. రెండూ కావాలంటే కుదరదు, నా దగ్గరికొచ్చే బ్యాండ్లలో మూడొంతులు రెండూ కావాలంటాయి.

పైగా అందులోని 'టచ్ ఆఫ్ గ్రే' అప్పటికే ఐదేళ్లుగా స్టేజి మీద నలిగిన పాట. బిల్‌బోర్డ్ పట్టికలో తొమ్మిదో స్థానానికి వెళ్లింది. వాళ్ల జీవితంలో మొదటి పది స్థానాల్లోకి వెళ్లిన పాట అదొక్కటే.

అపోహ: పాట స్టూడియోలో పుడుతుంది, స్టేజి మీద పెరుగుతుంది

పై ఉదాహరణతోనే ఇది కూలిపోయింది. ఇంకా కావాలంటే ఫిష్ ఉన్నారు. 2013 హాలోవీన్ రాత్రి అట్లాంటిక్ సిటీలో, ఇంకా విడుదల కాని ఆల్బమ్ పాటల్ని ఏకంగా ఒక సెట్ మొత్తం వాయించేశారు. ఆల్బమ్ 'ఫ్యూగో' మరుసటి ఏడాది వచ్చింది. దీనికి తిరగేసి, 1998 నాటి 'ద స్టోరీ ఆఫ్ ద ఘోస్ట్'లో చాలా పాటలు స్టూడియోలో గంటల కొద్దీ జామ్ చేసి, ఆ టేపుల్లోంచి బాగున్న ముక్కలు కోసి, వాటి మీద మాటలు పెట్టి చేసినవి. అంటే అక్కడ కల్పన స్టూడియోలో జరిగింది, కూర్పు కత్తెరతో జరిగింది. ఆ మిగిలిన జామ్‌లతో 'ద సికెట్ డిస్క్' అని పాటల్లేని ఆల్బమ్ కూడా వేశారు. రాత్రి పూట పని చేసుకుంటూ వినడానికి నాకు ఇష్టమైనది అది.

అపోహ: జనం ఫ్రీగా రికార్డు చేసుకుంటే ఆల్బమ్‌లు ఎవరు కొంటారు?

1984 అక్టోబర్‌లో బర్క్‌లీలో డెడ్ మొదటిసారి రికార్డు చేసుకునేవాళ్లకి విడిగా చోటు కేటాయించారు, సౌండ్ మిక్సర్‌కి వెనకాల. అంతకు ముందు వాళ్లు ముందు నిలబడి పొడుగాటి మైకు స్టాండ్లు ఎత్తేవాళ్లు, మిక్స్ చేసేవాడికి స్టేజి కనపడేది కాదు. ఆ బాధ నాకు తెలుసు, మన దగ్గర స్టాండ్ల బదులు సెల్‌ఫోన్లు లేస్తాయి. షరతు ఒక్కటే: టేపులు మార్చుకోవచ్చు, అమ్ముకోకూడదు. ఖాళీ క్యాసెట్, పోస్టల్ స్టాంపులు పంపితే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కచేరీ నకలు తీసి పంపేవాడు. అయినా మూడేళ్లకి వచ్చిన 'ఇన్ ద డార్క్' బాగా అమ్ముడైంది. 1993లో పాత కచేరీల సొంత టేపులు 'డిక్స్ పిక్స్' పేరుతో అమ్మడం మొదలుపెడితే, ఇంట్లో క్యాసెట్ల గుట్టలున్నవాళ్లే వరస కట్టి కొన్నారు. 2011లో ఐరోపా యాత్ర మొత్తాన్ని 73 సీడీల పెట్టెగా వేస్తే అదీ అమ్ముడైపోయింది.

కొత్తగా వినాలనుకునేవాళ్లు నన్ను అడిగితే ముందు 'అమెరికన్ బ్యూటీ' ఇస్తాను, మాటలూ స్వరాలూ చెవిలో పడతాయి. తర్వాత 'యూరప్ 72'. ఆ తర్వాత 'లైవ్/డెడ్' మొదటి వైపు, హెడ్‌ఫోన్లలో, గార్సియాని కాకుండా ఎడాపెడా తిరిగే లెష్ బాస్‌నే వెంబడిస్తూ. కార్నెల్ టేపు కావాలంటే ఒకసారి బెట్టీ మిక్స్, ఒకసారి జనంలోంచి తీసింది, రెండూ పక్కపక్కన పెట్టి 'స్కార్లెట్ బిగోనియాస్' నుంచి 'ఫైర్ ఆన్ ద మౌంటెన్'లోకి దాటే చోటు వినండి. ఒకదాంట్లో ఎవరు ఏం వాయించారో తెలుస్తుంది. రెండోదాంట్లో అది ఆ హాల్లో ఎంత పెద్దగా ఉందో తెలుస్తుంది.